అర సెకను ఆలస్యం

మన బ్యాంకు కుటుంబాల్లో 'సర్వర్ డౌన్' అన్న మాట తెలియనివారు ఉండరు. సాయంత్రం ఇంటికి ఆలస్యంగా చేరడానికి అంతకంటే బలమైన కారణం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కూడా. ఆ సర్వర్ లోపల ఏముంటుందో మాత్రం ఇంట్లో ఎవరూ అడగరు. ఐటీ విభాగంలో పనిచేసేవాడిగా ఈసారి ఆ సంగతి కొంచెం చెబుతాను.

మీ ఫోనులో కనిపించే యాప్ బ్యాంకు కౌంటరు లాంటిది. దాని వెనక ఎవరి కంటా పడకుండా పనిచేసే ప్రోగ్రాములు బోలెడు. మెమరీని పంచేవి కొన్ని, ఫైళ్లను డిస్కులో భద్రపరిచేవి కొన్ని, ఒక కంప్యూటరు నుంచి మరోదానికి సమాచారం చేరవేసేవి కొన్ని. వీటిని సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్ అంటాం. వీటిలో చాలా భాగం ఓపెన్ సోర్స్. అంటే ప్రోగ్రాము రాసిన అసలు పాఠాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను, ఎవరైనా చదవవచ్చు, లైసెన్సు షరతుల మేరకు మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు. 1991లో హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ అలాంటిదే. ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోను అడుగునా ఉన్నది అదే.

క్యాష్ విభాగంలో పనిచేసి రిటైరైన మా మామయ్యగారికి ఇది చెబితే, "తాళం ఎలా చేశారో అందరికీ చూపించి, అదే తాళం స్ట్రాంగ్ రూముకి వేస్తారా?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. జవాబుగా ఆయనకు 2024లో జరిగిన ఒక ఉదంతం చెప్పాను.

ఫైళ్లను కుదించి చిన్నవి చేసే 'ఎక్స్‌జెడ్' అనే ప్రోగ్రాము ఒకటుంది. పేరు ఎవరికీ తెలియదు కానీ లినక్స్ కంప్యూటర్లలో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. దాని ఆలనాపాలనా ఏళ్ల తరబడి చూసింది ఫిన్లాండ్‌కు చెందిన లస్సె కొల్లిన్ ఒక్కరే, అదీ జీతం లేకుండా, తీరిక వేళల్లో. 2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి చిన్న చిన్న దిద్దుబాట్లు పంపడం మొదలుపెట్టారు. 2022లో మరికొన్ని పేర్లతో ఒత్తిడి మొదలైంది. పని నత్తనడక నడుస్తోందని, బాధ్యత ఇంకొకరికి ఇమ్మని. తనకు చాలాకాలంగా మానసిక ఆరోగ్య సమస్యలున్నాయని, ఇది డబ్బు రాని అభిరుచి పని అని కొల్లిన్ బహిరంగంగానే రాశారు. 2023 నాటికి కొత్త వెర్షన్లు విడుదల చేసే అధికారం జియా టాన్ చేతికీ వచ్చింది.

రెండేళ్లకు పైగా ఓపిక పట్టి సంపాదించిన నమ్మకం అది. 2024 ఫిబ్రవరి, మార్చిలలో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఒక దొంగ తలుపు దూర్చారు. దూరం నుంచి సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాము కొన్ని రకాల లినక్స్‌లలో చుట్టుతిరిగి ఎక్స్‌జెడ్ కోడ్‌ను కూడా వాడుకుంటుంది. ఆ దారిన, ఒక రహస్య తాళంచెవి ఉన్నవారు పాస్‌వర్డ్ లేకుండానే ఆ సర్వర్‌ను నడిపించగలరు. కోడ్ చదివేవారికి దొరక్కుండా అసలు సరుకును పరీక్షల కోసం ఉంచే ఫైళ్లలో దాచారు.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఆయన మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగి, పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్ తయారీలో ఒకరు. ఏదో వేగ పరీక్ష చేసుకుంటుంటే, 0.3 సెకనులో తేలాల్సిన లాగిన్ 0.8 సెకను తీసుకుంటోందని గమనించారు. మనలో ఎవరమైనా నెట్ స్లోగా ఉందనుకుని టీ తాగడానికి లేచేవాళ్లం. ఆయన లేవలేదు. కొన్ని వారాల కింద మరో పరీక్షలో వచ్చిన వింత హెచ్చరిక గుర్తొచ్చి, రెండూ కలిపి చూసి, కూపీ లాగి, మార్చి 29న లోకానికి చెప్పేశారు. అప్పటికి ఆ వెర్షన్లు ఎక్కువగా ప్రయోగ దశలో ఉన్న లినక్స్‌లలోకే వెళ్లాయి. పెద్ద సంస్థలు నమ్ముకునే స్థిరమైన వాటిలోకి ఇంకా చేరలేదు. జియా టాన్ ఎవరో నేటికీ తేలలేదు.

కాబట్టి మామయ్యగారికి నా జవాబు ఇది: కోడ్ బయట ఉండబట్టే సంబంధం లేని ఒక మనిషి ఆ అర సెకను వెంట చివరిదాకా వెళ్లగలిగాడు. మూసిపెట్టిన సాఫ్ట్‌వేరైతే కంపెనీకి ఫిర్యాదు రాసి కూర్చోవాల్సి వచ్చేది. అయితే అందరూ చూడగలరంటే అందరూ చూస్తున్నారని కాదు. బ్యాంకులో ఏ లావాదేవీకైనా మేకర్, చెకర్ వేరుగా ఉండాలి. స్ట్రాంగ్ రూము తాళాలు ఇద్దరి దగ్గర ఉండాలి. కీలకమైన సీటులో ఉన్నవారు ఏటా కొన్నాళ్లు తప్పనిసరిగా సెలవు పెట్టాలి. ఆ నిబంధనల వల్ల ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లలేకపోయారో, ఎన్నిసార్లు వద్దన్నా సెలవు దొరికిందో మీ ఇళ్లలో అందరికీ తెలుసు. ప్రపంచం సగం ఆధారపడ్డ ఎక్స్‌జెడ్‌కి ఇవేవీ లేవు. అలసిపోయిన ఒక్క మనిషి ఉన్నాడంతే.

అంతా విన్నాక ఆయన అడిగింది ఒకటే: "మరి ఆ ఫిన్లాండ్ అబ్బాయికి రిలీవర్ ఎవరు?"

నిజానికి ఈ రంగంలో అందరినీ వేధిస్తున్నదీ అదే. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 'హార్ట్‌బ్లీడ్' అనే లోపం బయటపడ్డాక పెద్ద కంపెనీలు కలిసి నిధి ఏర్పాటు చేశాయి. ఇలాంటి పనులకు డబ్బు కొంత రావడం అప్పుడే మొదలైంది. నా ఉద్దేశంలో డబ్బొక్కటే చాలదు, పక్కన కూర్చుని కోడ్ చదివే రెండో మనిషి కావాలి.

ఇంజనీరింగ్ చదివే మీ పిల్లలు ఆ రెండో మనిషి కావచ్చు. మొదటిరోజే కోడ్ రాయనక్కర్లేదు. వాడుతున్న ప్రోగ్రాములో తప్పు కనిపిస్తే ఎప్పుడు, ఎలా వచ్చిందో వివరంగా రాసి పంపడం కూడా పనే. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ వంటివి తెలుగులో కనిపిస్తున్నాయంటే ఆ మాటలను తెలుగు చేసిన వారిలో చాలామంది స్వచ్ఛంద కార్యకర్తలే. ఇంగ్లీషు, తెలుగు రెండూ బాగా వచ్చిన గృహిణులకైనా, రిటైరైన వారికైనా అక్కడ చోటుంది.

కొల్లిన్ ఆ తర్వాత పాత మార్పులన్నీ ఒక్కొక్కటిగా తిరగేసి చూసుకుని, దొంగ తలుపు తీసేసిన 5.6.2ను 2024 మే నెలలో విడుదల చేశారు.