గీత పడితే లేనట్టు, పడకపోతే ఉన్నట్టు

మత్తుమందుల మూత్ర పరీక్ష స్ట్రిప్ మీద రెండు గుర్తులుంటాయి: ఒకటి 'సి', ఇంకోటి 'టి'. సాంపిల్‌లో ముంచి, బల్ల మీద పెట్టి, ఐదు నిమిషాలు ఆగాలి. 'సి' దగ్గర గీత పడితే స్ట్రిప్ పనిచేసిందని అర్థం. 'టి' దగ్గర కూడా పడితే మందు లేదు. అక్కడ గీత పడకపోతేనే ఉన్నట్టు. గర్భ పరీక్ష చూసి అలవాటైన కళ్లకు ఇది తలకిందుల లెక్క. లీలగా కనిపించే గీత కూడా 'లేదు' కిందే వస్తుంది. మూత్రంలో మందు ఉంటే స్ట్రిప్‌లోని రంగు కణాలను అదే ముందుగా పట్టేసుకుంటుంది. ఇక గీత గీయడానికి ఏమీ మిగలదు.

శంషాబాద్‌ విమానాశ్రయానికి ఈ పరీక్షతో చుట్టరికం ఉంది. 2022 జనవరి 31 నుంచి దేశమంతటా పైలట్లకు, విమాన సిబ్బందికి, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దీన్ని తప్పనిసరి చేసింది. ఏడాదికి కనీసం 10 శాతం మందిని ముందు చెప్పకుండా పరీక్షించాలి. మొదటిసారి దొరికితే డీఅడిక్షన్ చికిత్సకు పంపుతారు. రెండోసారి దొరికితే మూడేళ్లు లైసెన్స్ సస్పెన్షన్, మూడోసారి రద్దు. వందలమంది ప్రాణాలు ఆ చేతుల్లో ఉంటాయి కాబట్టి ఈ కఠినత్వం సబబే.

అయితే సరిగ్గా ఇలాంటి పరీక్షనే హెరాయిన్ మానాలని వచ్చిన రోగికీ చేస్తారు. అక్కడ దాని పని పూర్తిగా వేరు. ఈ తేడా మన ఇళ్లలోనే కాదు, కొన్ని ఆస్పత్రుల్లోనూ మరిచిపోతున్నారు.

రోగులు ఎంతమంది? 2019లో ఎయిమ్స్ నిపుణులు కేంద్రానికి ఇచ్చిన జాతీయ సర్వే ప్రకారం నల్లమందు జాతి మందులు వాడేవాళ్లు జనాభాలో 2.06 శాతం. ప్రపంచ సగటు 0.70. మన దేశంలో వాడేవాళ్లలో సాయం అవసరమైన స్థితికి చేరినవాళ్లు దాదాపు 77 లక్షలు. వీరిలో సగానికి పైగా కొన్ని రాష్ట్రాల్లోనే ఉన్నారు, ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరుంది. సూదితో ఎక్కించుకునేవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. సరుకు ఏ దారిన వస్తోందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2021 జూన్‌లో శంషాబాద్‌లో ఇద్దరు విదేశీ ప్రయాణికుల దగ్గర రెవెన్యూ నిఘా సంస్థ డీఆర్ఐ 12 కిలోల హెరాయిన్ పట్టుకుంది. విలువ 78 కోట్లన్నారు. చట్టం లెక్కలో 250 గ్రాములు దాటితేనే వాణిజ్య పరిమాణం. ఇది దానికి 48 రెట్లు.

ఈ రోగులకు ఇచ్చే మందు బ్యూప్రెనార్ఫిన్, నాలుక కింద పెట్టుకునే మాత్ర. 0.4, 2 మిల్లీగ్రాముల్లో వస్తుంది. అదే జాతి మందు కాబట్టి ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్రలేమి ఆగుతాయి, సూది అవసరం తీరుతుంది. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగడుతున్నారు" అనే మాట చాలాసార్లు విన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. బీపీ మాత్ర రోజూ వేసుకునే మనిషిని మనం వ్యసనపరుడనం కదా!

చికిత్స మొదలయ్యాక మూత్ర పరీక్ష రెండు ప్రశ్నలడుగుతుంది. ఇచ్చిన మాత్ర వేసుకుంటున్నాడా? బయట సరుకు ఇంకా వాడుతున్నాడా? మొదటిదానికి బ్యూప్రెనార్ఫిన్‌కు విడిగా స్ట్రిప్ కావాలి, మామూలు నల్లమందు స్ట్రిప్‌లో అది కనిపించదు. ట్రమడాల్, ఫెంటనిల్ కూడా అంతే. రెండోదానికి వ్యవధి ముఖ్యం. హెరాయిన్ ఒంట్లో నిమిషాల్లో రూపం మారుతుంది. దాని సొంత ఆనవాలు 6-ఎసిటైల్ మార్ఫిన్ ఒక రోజు లోపే పోతుంది. మార్ఫిన్ రెండు మూడు రోజులుంటుంది. గంజాయి మాత్రం రోజూ తాగేవాడిలో నెల దాకా తేలవచ్చు. అంటే ఇరవై రోజుల క్రితం మానేసిన మనిషిని కూడా స్ట్రిప్ దోషిలా చూపిస్తుంది.

గసగసాల సంగతీ చెప్పాలి. కోడికూర మసాలాలో నూరే ఆ గింజ నల్లమందు మొక్కదే. కూర బాగా తిన్నాక మూత్రంలో మార్ఫిన్ కనబడటం నిజంగా జరిగేదే. అందుకే అమెరికా తన ప్రభుత్వోద్యోగుల పరీక్షల్లో మార్ఫిన్ హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2,000కు పెంచింది. ఆస్పత్రుల్లో వాడే చాలా స్ట్రిప్‌ల హద్దు ఇంకా 300 దగ్గరే ఉంది. కొడీన్ ఉన్న దగ్గు మందుతోనూ ఇదే పేచీ.

ఇప్పుడొక లెక్క వేద్దాం. స్ట్రిప్ 95 శాతం నమ్మదగిందనుకుందాం. వెయ్యిమందిలో నిజంగా వాడినవాళ్లు 20 మందే అయితే, వారిలో 19 మంది దొరుకుతారు. మిగతా 980 మందిలో 49 మందికి తప్పుగా 'ఉంది' అని వస్తుంది. మొత్తం 68 మందిని వేలెత్తి చూపితే నిజమైనవాళ్లు 19 మంది! అందుకే డీజీసీఏ నిబంధనల్లోనూ స్ట్రిప్‌తో ఆపరు, ధ్రువీకరణ పరీక్ష ఉంటుంది. చికిత్స కేంద్రంలో వెయ్యికి 400 మంది వాడుతున్నారనుకుంటే, 'ఉంది' అని వచ్చే 410 మందిలో 380 మంది నిజమైనవాళ్లే. స్ట్రిప్ అదే, మనుషులు మారితే దాని మాట విలువ మారిపోయింది.

సాంపిల్ అసలుదేనా అనడానికీ అంకెలున్నాయి. ఇచ్చిన నాలుగు నిమిషాల్లోపు వేడి 32–38 డిగ్రీల మధ్య ఉండాలి. క్రియాటినిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే నీళ్లు ఎక్కువయ్యాయని అనుమానిస్తారు. 2 కంటే తగ్గితే అది మనిషి మూత్రమే కాదని లెక్క. మనిషిని నిలబెట్టి చూస్తూ సాంపిల్ తీయడం కంటే ఈ అంకెలు చూసుకోవడమే మర్యాద.

తెలంగాణలో డాక్టర్లు వెతకాల్సింది ఇంకోటుంది: ఆల్ప్రాజోలం. కల్తీ కల్లులో కలిపే మందుల్లో ఇదొకటి. బ్యూప్రెనార్ఫిన్‌తో పాటు ఇది ఒంట్లో చేరితే ఊపిరి మందగిస్తుంది, ప్రాణం పోవచ్చు. "కల్లే కదా" అని రోగి చెప్పకపోవచ్చు, అడగాలి. ఈ జాతిలో లొరజెపామ్, క్లోనజెపామ్ లాంటివి మామూలు స్ట్రిప్‌కు చిక్కకపోనూ వచ్చు.

ఇక 'ఉంది' అని వస్తే ఏం చేయాలి? 2017లో వైద్య పత్రిక బీఎంజేలో వచ్చిన సమీక్ష చూడండి. బ్యూప్రెనార్ఫిన్ చికిత్సలో ఉన్నప్పుడు మరణాలు ఏడాదికి వెయ్యికి 4.3, బయటకు వచ్చాక 9.5. ఇదే చికిత్సకు వాడే మరో మందు మెథడోన్‌లో 11.3, మానేశాక 36.1. తప్పు దొరికిందని మాత్ర ఆపేసి గెంటేయడమంటే ఆ రోగిని తక్కువ అంకె నుంచి ఎక్కువ అంకెకు తోసేయడమే. డోసు సరిపోతోందా, మాత్రకు ముందు గంటల్లో ఒళ్లు నొప్పులొస్తున్నాయా, ఇంట్లో ఏం జరిగింది అని అడగాలి. పైలట్‌కు ఆ స్ట్రిప్ విధుల్లోంచి దిగమని చెబుతుంది. రోగికి అది ఇంకా చికిత్సలోనే ఉండమని చెబుతోంది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ చికిత్సలో ఉండి, పరీక్ష తప్పితే అరవకండి, మాత్ర ఆపకండి, మళ్లీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కొద్ది పరిమాణంతో దొరికి, తానై చికిత్సకు ఒప్పుకున్నవాళ్లకు ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, అది ఉచితం.