ముందు కన్ను, తర్వాత చెయ్యి

గుడియాత్తంలో మా పెద్దమ్మ మనవరాలు ఎడమ జబ్బ వెనక తెల్లటి బిళ్ళ ఒకటి అతికించుకుని బడికి పోతుంది. ఆ పిల్లకు 11 ఏళ్ళు. టైప్ 1 షుగర్. రెండు వారాలకోసారి ఆ బిళ్ళ మారుస్తారు. మొన్న మార్చేటప్పుడు పక్కనే కూర్చుని చూశాను. పాతది ఊడదీస్తే దాని అడుగున, సరిగ్గా నడిమధ్య, వెంట్రుకలాంటి తీగ నిలబడి ఉంది. పొడవు అర సెంటీమీటరు. 14 రోజులు అది చర్మం కింద ఉండి, నిద్రలోనూ ఆటలోనూ పిల్ల ఒంట్లో చక్కెర ఎంతుందో ఫోనుకు చెబుతూ వచ్చింది. జబ్బ మీద మిగిలింది ఎర్రటి చుక్క ఒకటే.

"ఏం నాయనా, ఆ ఇన్సులిన్ పంపు కూడా కొనిచ్చేస్తే బిడ్డకు సూదులు తప్పుతాయి గదా?" అంది మా పెద్దమ్మ. అప్పు చేసైనా కొనాలన్న ఆత్రం ఆ గొంతులో ఉంది. అవుననీ కాదనీ ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఆ యంత్రం పుట్టి పెరిగిన కథలోనే ఆమెకు జవాబు ఉంది.

క్లోమంలోని బీటా కణాలు రెండు పనులు చేస్తాయి. నెత్తురులో చక్కెర ఎంతుందో చూస్తాయి. చూసినంత మేరకే ఇన్సులిన్ వదులుతాయి. కన్నూ అవే, చెయ్యీ అవే. టైప్ 1లో ఒంటిలోని రక్షణ వ్యవస్థే ఆ కణాలను చంపేస్తుంది. అప్పుడు రెండూ ఒక్కసారే పోతాయి.

మనిషి ముందు చెయ్యినే తిరిగి సంపాదించుకున్నాడు. 1922 జనవరి 11న టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి మొదటి ఇన్సులిన్ సూది పడింది. మందులో మలినాలుండి అది సరిగా పని చెయ్యలేదు. జేమ్స్ కాలిప్ రాత్రింబవళ్ళు కూర్చుని దాన్ని శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్ళీ ఇచ్చారు. ఈసారి కుర్రాడు కోలుకున్నాడు. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళు పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరుకు ఇచ్చేశారు. ఆ ఉదారత గురించి ఎప్పుడు చదివినా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

కానీ ఎంత ఇవ్వాలో చూసే కన్ను ఏదీ? దశాబ్దాల పాటు మూత్రమే దిక్కు. నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణం అయిదు మిల్లీలీటర్లు, అందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచేవాళ్ళు. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. మన ఊళ్ళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ రంగులు చూసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చిక్కేమిటంటే, నెత్తురులో చక్కెర సుమారు 180 దాటితే గానీ మూత్రంలోకి దిగదు. దిగినా అది గంటల కిందటి మాట. చక్కెర 50కి పడిపోయి మనిషి చెమటలు పట్టి తూలుతున్నా ఆ గొట్టం నీలంగానే ఉంటుంది.

కన్నూ చెయ్యీ రెండింటినీ ఒక్క పెట్టెలో కట్టాలని 1963లోనే ఒకాయన తలపెట్టాడు. లాస్ ఏంజిలిస్ వైద్యుడు ఆర్నాల్డ్ కాడిష్. ఆయన చేసిన యంత్రం వీపున మోసే మూట అంత ఉండేది. ఆలోచన సరైనదే, దానికి కాలమే ఇంకా రాలేదు. అక్కడి నుంచి కన్ను ఒక దారిన, చెయ్యి ఒక దారిన విడివిడిగా పెరిగాయి. మళ్ళీ కలవడానికి యాభై ఏళ్ళకు పైగా పట్టింది.

కన్ను కథ మొదలైంది బూజు దగ్గర. ఉల్లిపాయల మీద పట్టే నల్ల బూజు, ఆస్పర్‌జిల్లస్ నైగర్, గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును తయారు చేస్తుంది. అది వేరే చక్కెరలను దాదాపుగా ముట్టదు, గ్లూకోజునే పట్టి ఆక్సీకరిస్తుంది. ఈ ఎంజైమును ఎలక్ట్రోడు మీద పొరగా పెడితే చక్కెరను కరెంటుతో కొలవవచ్చని 1962లో లీలాండ్ క్లార్క్ చూపించాడు. మా పిల్ల జబ్బలోని తీగ ఆ ఆలోచనకు మనవరాలే. 1970లో ఏమ్స్ సంస్థ తెచ్చిన మొదటి మీటరు కిలోకు పైగా బరువుండేది. నెత్తురు చుక్క వేసిన స్ట్రిప్ రంగును వెలుతురుతో కొలిచేది. అది డాక్టర్ల బల్ల మీదకే. 1987లో పెన్నంత మీటరు ఎగ్జాక్‌టెక్ వచ్చింది. అది రంగు చూడదు, కరెంటు కొలుస్తుంది. 1999లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి నిరంతర సెన్సర్ మూడు రోజులు పని చేసేది, అదీ అంకెలు వెంటనే చూపకుండా. తర్వాత డాక్టరు దించుకుని చూడాలి. వేలు పొడవనక్కర్లేకుండా 14 రోజులు ఉండే బిళ్ళ యూరప్‌లో 2014లో వచ్చింది. డాక్టర్లు చదివి చెప్పే రకం మరుసటి ఏడాదే మన దేశానికీ వచ్చింది.

చెయ్యి కథ ఇంకా వేగంగా నడిచింది. 1970లలో డీన్ కామెన్ చేసిన పంపు నడుముకు కట్టుకునే ఇటుకంత ఉండేది. 1978లో లండన్ గైస్ ఆస్పత్రిలో జాన్ పికప్, హ్యారీ కీన్ బృందం చర్మం కిందకు సన్న గొట్టంతో ఇన్సులిన్‌ను ఆగకుండా ఎక్కించి, చక్కెర అదుపులో ఉంటుందని నిరూపించింది. ఈనాటి పంపు విప్పి చూస్తే లోపల ఉన్నది సిరంజి లాంటి గొట్టం, దాన్ని నెట్టే మర, మర తిప్పే చిన్న మోటారు, అంతే. కానీ ఆ మర నెట్టే కొలత చూడండి. మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే ఇన్సులిన్ ఒక చుక్కలో సుమారు 5 యూనిట్లుంటాయి. కొన్ని పంపులు 0.025 యూనిట్లు కూడా కొలిచి ఇవ్వగలవు. అంటే చుక్కలో రెండు వందలో వంతు!

అంత నేర్పు ఉన్న చేతికి కన్ను లేకపోతే ఏమవుతుందో 1993లో లోకానికి తెలిసింది. అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్ 1 రోగుల మీద ఏళ్ళ తరబడి జరిగిన పరిశీలన అది. రోజుకు మూడు నాలుగు సూదులతో గానీ పంపుతో గానీ చక్కెరను గట్టిగా అదుపు చేసిన వాళ్ళలో, కొత్తగా కంటి రెటీనా దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది. అదే గుంపులో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం మూడింతలు పెరిగింది. ఈ రెండో అంకె మీద పడవలసినంత దృష్టి పడలేదని నాకు అనిపిస్తుంది.

2016లో కన్నూ చెయ్యీ కలిశాయి. సెన్సర్ చెప్పే అంకెను బట్టి రోజంతా సన్నగా అందుతూ ఉండాల్సిన బేసల్ ఇన్సులిన్‌ను తనంతట తనే పెంచి తగ్గించే పంపుకు ఆ ఏడు అమెరికాలో అనుమతి దొరికింది. అయినా అన్నం ముందు కూర్చున్నప్పుడు ఎన్ని ఇడ్లీలు తినబోతున్నామో దానికి మనమే చెప్పాలి.

ఇప్పుడు మన రాయవేలూరుకు, అంటే వేలూరుకు వద్దాం. గత శతాబ్దపు తొలినాళ్ళలో ఐడా స్కడ్డర్ దొరసాని గుడియాత్తం దారి వెంట చెట్ల కింద బండి ఆపి మందులిచ్చేది. ఆమె 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. చిత్తూరు వైపు తెలుగు ఊళ్ళకు అది ఇంటి ఆస్పత్రి లాంటిది. ఊరికి దక్షిణాన ఉన్న కనియంబాడి బ్లాకులో ఆ సంస్థ ఆరోగ్య కార్యకర్తలు దశాబ్దాలుగా ఇంటింటికీ తిరుగుతున్నారు. 1991-94లో ఒకసారి, 2010-12లో మరోసారి వేలూరు పట్టణంలోనూ కనియంబాడి పల్లెల్లోనూ 30 నుంచి 60 ఏళ్ళవాళ్ళను పరీక్షించారు. ఆ రెండు పరీక్షల మధ్య కాలంలో షుగర్ పట్టణంలో రెట్టింపయింది, పల్లెల్లో మూడింతలయింది.

అంతకన్నా నన్ను కదిలించింది ఇంకొకటి. ఒంట్లో కండ పట్టని, బక్కపలచని పేదలకు కూడా చిన్న వయసులోనే షుగర్ రావడం ఇక్కడి డాక్టర్లు ఎప్పటినుంచో చూస్తున్నారు. అటు టైప్ 1 కాదు, ఇటు టైప్ 2 కాదు. 1955లో జమైకాలో ఫిలిప్ హ్యూ-జోన్స్ ఇలాంటివాళ్ళను వర్ణించాడు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పోషకాహార లోపపు మధుమేహమని దానికి పేరు పెట్టి, రుజువులు చాలవని 1999లో తీసేసింది. వేలూరులో నిహాల్ థామస్, న్యూయార్క్ నుంచి మెరెడిత్ హాకిన్స్ బృందాలు కలిసి 73 మంది భారతీయ మగవాళ్ళ మీద క్లాంప్ అనే పరీక్ష చేశాయి. నరంలోకి ఇన్సులిన్‌నూ గ్లూకోజునూ ఎక్కిస్తూ, కొన్ని నిమిషాలకోసారి నెత్తురు తీసి చూస్తూ, చక్కెర కదలకుండా గ్లూకోజు చుక్కలను సరిచేస్తూ గంటల తరబడి కూర్చోవాలి. ఆలోచిస్తే, కాడిష్ మూటలో జరగాల్సిన పనిని మనుషులు కళ్ళతో, చేతులతో చేశారు. 2022లో ఫలితం బయటికి వచ్చింది. ఈ బక్కవాళ్ళలో ఇన్సులిన్ పని చెయ్యకపోవడం కాదు, ఊరడమే తక్కువ. 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీన్ని టైప్ 5 అని గుర్తించింది. తిండికి నిలకడ లేని ఇంట్లో వీళ్ళకు ఇన్సులిన్ ఎక్కువ పడితే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. ఏ రకం షుగరో తేలకుండా యంత్రం బేరం చెయ్యకూడదనేది అందుకే.

ఇక మా పెద్దమ్మతో చెప్పింది చెబుతాను. ఉన్న డబ్బు ఒకదానికే సరిపోతే అది సెన్సర్‌కే పెట్టమన్నాను. సూదులతో కూడా చక్కెరను బాగా నడపవచ్చు, చూపు ఉంటే. సెన్సర్ కొలిచేది కణాల మధ్య నీటిలోని చక్కెరను కాబట్టి అది నెత్తురుకన్నా అయిదు పది నిమిషాలు వెనక ఉంటుంది. బిళ్ళ ఉన్న చెయ్యి మీద పడుకుంటే అంకె తప్పుగా తగ్గి చూపిస్తుంది. పిల్లకు వణుకు వస్తున్నా ఫోను 110 అంటుంటే ఫోనును నమ్మొద్దు, వేలు పొడిచి చూడండి. కాబట్టి పాత మీటరు పారెయ్యకూడదు.

పంపుకు వెళ్ళేవాళ్ళు తెలుసుకోవలసింది, అందులో ఉండేది త్వరగా పని చేసే ఇన్సులిన్ ఒక్కటే. గొట్టం మడతపడినా, చెమటకు ప్లాస్టరు ఊడినా ఒంట్లో నిల్వ ఏమీ ఉండదు. కొన్ని గంటల్లోనే కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదకు వస్తుంది. వేలూరు కత్తిరి ఎండల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే, తెరిచిన ఇన్సులిన్ 30 డిగ్రీల లోపు ఉండాలి. నడుముకు అంటుకున్న పంపులో మందు ఎండలో కాగుతూ ఉంటుంది. గొట్టం, గొట్టం చివరి సూది రెండు మూడు రోజులకోసారి మార్చాలి. యంత్రం ధర ఒక్కసారి లక్షల్లో ఇచ్చేసి ఊరుకునే పని కాదు. నెలనెలా ఈ ఖర్చు మొయ్యగలమా అని ముందు లెక్క వేసుకోవాలి.

మన దేశంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. ఇక్కడి మందుల షాపుల్లో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి, మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ. పంపు లెక్క 100కే. 40 బలం సీసా అందులో నింపితే పిల్లకు అందేది అయిదింట రెండు వంతులే. తిరగేసి, 100 బలం మందును ఎర్ర మూత 40 సిరంజిలో లాగితే రెండున్నర రెట్లు పడుతుంది. రెండోది ప్రాణాంతకం కావచ్చు.

పంపు కొన్నా కొనకపోయినా, ఇంట్లో చల్లని చోట వేరే ఒక బేసల్ ఇన్సులిన్ పెన్ను, సూదులు, ఒక పొట్లం గ్లూకోజు పొడి ఎప్పుడూ ఉంచండి. సీసా కొన్నప్పుడల్లా మీద 40 అని ఉందో 100 అని ఉందో షాపులోనే చదివి తీసుకోండి.