గింజల పళ్ళెముపై డేగ నీడ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, కెనడాలోను చలికాలం రాగానే పెరటిలో పక్షులకు గింజలు పెట్టే అలవాటు బహుళవ్యాప్తమై ఉన్నది. పొద్దుతిరుగుడు విత్తులు నింపిన గొట్టమో, చిన్న పళ్ళెమో కొమ్మకు వ్రేలాడగట్టి, గృహస్థులు కిటికీ వెనుక కూర్చుంటారు. పిచ్చుకలు, గువ్వలు, ఎర్రని కార్డినల్ పిట్టలు వచ్చి వాలుతవి. ఒకానొక ఉదయం అవన్నీ తటాలున మాయమవుతవి. ఎగురలేకపోయినవి కొమ్మను కరచుకొని శిలవలె ఉండిపోతవి. కంచెమీద కూపర్ డేగ కూర్చుని ఉంటుంది.

1828లో దానికి ఆ పేరు పెట్టినవాడు పక్షిశాస్త్రవేత్త షార్ల్ బోనపార్ట్. నెపోలియన్ చక్రవర్తి తమ్ముని కుమారుడు. న్యూయార్కు శాస్త్రజ్ఞుడు విలియం కూపర్ గౌరవార్థం పెట్టినాడు. దీనిని పోలినదే, ఇంకను చిన్నది, షార్ప్‌షిన్డ్ డేగ. రెండింటిని వేరుపరచుట పండితులకు సైతం కష్టమే. ఆడుడేగ మగదానికంటె పెద్దది గనుక, చిన్న జాతిలోని ఆడుది పెద్ద జాతిలోని మగదానికి ఇంచుమించు సమానంగా కనిపిస్తుంది. తోక కొన గుండ్రనైతే కూపర్ డేగ, కోసినట్లు తిన్ననైతే రెండవది అని సామాన్యంగా చెప్పుకుంటారు.

ఛాయాచిత్రం అక్కరకు వచ్చేది ఇక్కడనే. డేగ నిలిచేది క్షణకాలం. చిత్రమైతే తీరికగా పరిశీలించవచ్చును. కటకాన్ని కిటికీ అద్దానికి ఆనించి, సెకనులో వెయ్యవవంతుకు తక్కువ కాలంలో తీస్తేగాని రెక్క స్పష్టంగా పడదు. చలికాలపు మసక వెలుతురులో ఇది సులభం కాదు. చిత్రంలో కన్ను పసుపుగా ఉంటే పిల్లడేగ, ఎర్రబడితే ముదిరినది.

ఈ వేటకాని బ్రతుకు సుఖమనుకోరాదు. పొదలలోనుంచి, కొమ్మల సందులనుంచి దూసుకుపోయే పక్షి అది. మూడువందలకు పైగా కూపర్ డేగల అస్థిపంజరాలను పరీక్షించగా, వానిలో 23 శాతానికి రొమ్ము ఎముకలు విరిగి మరల అతుకుకొన్న గుర్తులు కనబడినవి. వేటలలో విఫలమయ్యేవే ఎక్కువ.

ఒకప్పుడు కోళ్ళదొంగ అని దీనిని కనబడినచోటనే కాల్చేవారు. 1972 నుంచి సంయుక్త రాష్ట్రాలలో వేటపక్షులకు చట్టరక్షణ లభించినది. ఇప్పుడు అవి నగరాలకు చేరినవి. గింజలు పెట్టే గృహస్థులు చలికాలమంతా వ్రాసి పంపిన లెక్కలను ఆధారం చేసుకొని 2018లో వెలువడిన పరిశోధన ప్రకారం, చికాగో ప్రాంతంలో డేగలు సంచరించే స్థలాలు రెండు దశాబ్దాలలో సుమారు 26 శాతం నుంచి 67 శాతానికి పెరిగినవి.

గింజలు పెట్టిన ఇల్లాలికి ఇక్కడ ధర్మసందేహం కలుగుతుంది. తాను పిలిచిన అతిథిని తన కళ్ళయెదుట డేగ తన్నుకుపోతున్నది. మన విద్యార్థులకు శిబిచక్రవర్తి కథ తెలిసినదే. పావురాన్ని కాపాడితే తన ఆకలి మాటేమని ఆనాటి డేగ అడిగినది. పెరటి డేగ అడుగదు, అంతే భేదం. తరిమినా మళ్ళీ వస్తుంది. కొన్ని వారాలు పళ్ళెం తీసివేస్తే, పిట్టలు చెదరిపోతవి. డేగ మరొకచోటికి పోతుంది. పెరటి గింజలు లేకున్నా పిట్టలు సాధారణంగా వేరే మేత వెదుకుకొంటవి. చాలమంది తీయరు. చూడవలెననే కోరిక కూడ బలవత్తరమైనదే కదా!

అనుభవజ్ఞులు కంటికంటె చెవిని నమ్ముతారు. చికడీ అనే చిన్న పిట్ట కూతలో చివరి ‘డీ’ శబ్దం అపాయాన్నిబట్టి పెరుగుతుందని 2005లో పరిశోధకులు వెల్లడించినారు. ‘డీ డీ డీ’ అని ఆ కూత సాగడం మొదలుకాగానే, కాఫీ గిన్నె క్రింద పెట్టి కెమెరా అందుకొంటారు.