బ్యాంకును బ్యాంకు కొంటే...

నెల్లూరు సముద్ర తీరంలో రొయ్యల సాగు చేసే రైతును ఎవరినైనా అడిగి చూడండి. తెగులు తిరుగుతున్న రోజుల్లో పక్కవాడి గుంట సగం ధరకు వస్తుందన్నా వెనుకాడతాడు. గట్టు మీద నిలబడితే కనిపించేవి నీళ్ళే. అడుగున ఏమున్నదీ వల వేస్తేగాని తెలియదు. ఆ గుంట నీరు తన గుంటలో కలిసిందంటే ఉన్నది కాస్తా ఊడుతుంది. 1994-95లో వైరస్ తెగులు ఈ తీరాన్ని దెబ్బతీసినప్పుడు నేర్చుకున్న పాఠమిది. ఆర్థిక సంక్షోభ కాలంలో ఒక బ్యాంకు మరొక బ్యాంకును కొనడమూ ఇటువంటి బేరమే.

ఇందుకు తెలుగువారు ఎరిగిన ఉదాహరణ ఒకటున్నది. హైదరాబాదు కేంద్రంగా 1994లో రమేశ్ గెల్లి నాయకత్వాన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు వెలసింది. దాని షేర్లకు జనం ఎగబడ్డారు. 2001లో అది యూటీఐ బ్యాంకుతో కలవాలనుకున్నది. ఇంతలో గ్లోబల్ ట్రస్ట్ షేరు ధరను కావాలని పెంచారన్న ఆరోపణలు వచ్చాయి. ఆ సంబంధం తప్పిపోయింది. అప్పుడు ఆలోచించుకోవడానికి వ్యవధి ఉన్నది గనుక అలా జరిగింది.

షేర్ మార్కెట్టు వ్యాపారులకిచ్చిన అప్పులు మొండి బాకీలై, 2004 జూలై 24న ఆ బ్యాంకు చెల్లింపుల మీద ప్రభుత్వం మారటోరియం విధించింది. ఖాతాదారు సాధారణంగా తీసుకోగలిగింది 10,000 రూపాయలే! రెండు రోజులకే ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో దానిని కలుపుతామని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. ఆగస్టు 14న ఆ పని పూర్తయింది. డిపాజిట్ దారులు ఒడ్డున పడ్డారు. షేర్లు కొన్నవారికి మిగిలింది సున్న. మొండి బాకీల మూట మాత్రం ఓరియంటల్ నెత్తికెక్కింది. నష్టం మాయమైపోలేదు, చేయి మారిందంతే.

పెద్ద దేశాలకూ ఈ అనుభవం తప్పలేదు. 2008 సెప్టెంబరులో బ్రిటన్‌లోని లాయిడ్స్ టీఎస్‌బీ, కష్టాల్లో ఉన్న హెచ్‌బీఓఎస్‌ను కొనడానికి ఒప్పుకున్నది. 2009 జనవరిలో రెండూ కలిసేనాటికే ప్రభుత్వం సుమారు 43 శాతం వాటా తీసుకుని ఆదుకోవలసి వచ్చింది. అమెరికాలో బ్యాంక్ ఆఫ్ అమెరికా 2008లోనే కంట్రీవైడ్ అనే గృహ ఋణ సంస్థను సుమారు 400 కోట్ల డాలర్ల ఒప్పందంతో, ఆపైన మెరిల్ లించ్‌నూ తీసుకున్నది. ఆ సంస్థల పాత వ్యవహారాలకూ, తన వ్యవహారాలకూ కలిపి 2014లో ప్రభుత్వంతో చేసుకున్న రాజీ 1,665 కోట్ల డాలర్లు! చవక బేరమనుకున్నది కొరివితో తల గోక్కున్నట్లయింది.

అలాగని మునిగే బ్యాంకును మునగనివ్వవచ్చునా? 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడి ఎన్నో కుటుంబాలు అల్లాడాయి. ఆ గుణపాఠంతోనే 1962 నుంచి మన దేశంలో డిపాజిట్లకు బీమా వచ్చింది. ఆనాడు దాని పరిమితి 1,500 రూపాయలు. 2020 ఫిబ్రవరి 4న అది 5 లక్షలయింది.

గృహస్థులు గుర్తించవలసిన కిటుకొకటి ఇక్కడున్నది. ఈ పరిమితి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిట్ దారుకు, అసలూ వడ్డీ కలిపి లెక్క. జాగ్రత్తకని రెండు బ్యాంకుల్లో అయిదేసి లక్షలు దాచుకున్నారనుకోండి. ఆ రెండు బ్యాంకులూ కలిసిపోతే మీ పది లక్షలూ ఒకే బ్యాంకులో ఉన్నట్టే. బీమా మాత్రం అయిదు లక్షలకే!

కనుక కలయిక వార్త పత్రికలో పడిన రోజున ఇంట్లో పాసుపుస్తకాలన్నీ ఒకచోట పెట్టి లెక్క చూసుకోండి. డిపాజిట్టు వేరు, షేరు వేరని పిల్లలకూ చెప్పండి. బోర్డు మీద పేరు పెద్దదైనంత మాత్రాన బ్యాంకు బలం పెరగదు. దాని బలం అది ఇచ్చిన అప్పులు తిరిగి రావడంలో ఉన్నది.