ఏ యేసు? - కెర్రీ లివ్‌గ్రెన్ మారుమనస్సులో సిద్ధాంతము యొక్క పాత్ర

రాక్ సంగీత కళాకారులు క్రైస్తవులైన సాక్ష్యములు మన ఉజ్జీవ సభలలో వింటూనే ఉన్నాము. వాటిలో ఎక్కువ భాగము మత్తుపదార్థములు, కుటుంబ నాశనము, చివరకు ఒక రాత్రి కన్నీటి ప్రార్థన అనే వరుసలో సాగును. అట్టి సాక్ష్యములను మేము తక్కువ చేయుట లేదు. అయితే కెర్రీ లివ్‌గ్రెన్ అను అమెరికా సంగీతకారుని చరిత్ర ఆ వరుసలో ఇమడదు. ఆయన మార్పుకు దారి తీసినది క్రీస్తును గూర్చిన ఒక సిద్ధాంత చర్చ. అందుచేత వేదాంత విద్యార్థులు దీనిని శ్రద్ధగా పరిశీలించవలెనని మా అభిప్రాయము.

లివ్‌గ్రెన్ 1949లో కాన్సస్ రాష్ట్రములోని టొపీకా పట్టణములో జన్మించెను. ఆ రాష్ట్రము పేరే పెట్టుకొనిన 'కాన్సస్' అను రాక్ బృందములో గిటారు, కీబోర్డు వాయించుచు, దాని ముఖ్యమైన పాటలనేకము వ్రాసెను. 1977లో వచ్చిన 'డస్ట్ ఇన్ ద విండ్' ఆయన పాటయే. అది మొదట గిటారు తీగెలపై వ్రేళ్ల సాధన కొరకు కూర్చుకొనిన స్వరము మాత్రమే. భార్య విని, దీనికి మాటలు చేర్చుమని ప్రోత్సహించగా పాట అయినది. 1978లో అమెరికా పాటల పట్టికలో 6వ స్థానమునకు చేరినది. మనుష్యుడు ధూళి, అతని ప్రయాసము నిలువదు అనునది దాని భావము. ప్రసంగి గ్రంథము చదివినవారికి ఈ స్వరము క్రొత్త కాదు. అయినను ఆ పాట వ్రాసిన నాటికి ఆయన విశ్వాసి కాడు. ప్రసంగి అడిగిన ప్రశ్న ఆయన యొద్ద నుండెను, ప్రసంగి 12వ అధ్యాయము లేదు.

జవాబు కొరకు ఆయన తూర్పుదేశ మతములను, తత్వములను వెదకెను. తుదకు 'యురాన్షియా గ్రంథము'నకు చేరెను. 1955లో చికాగోలో ప్రచురింపబడిన ఈ పెద్ద గ్రంథములో 196 పత్రములు కలవు. పరలోక జీవులు వీటిని అందించిరని దానిని అనుసరించువారు చెప్పుదురు. నాలుగవ భాగమంతయు యేసు జీవితమే. ఇక్కడనే జాగ్రత్త అవసరము. ఆ గ్రంథము యేసును దూషించదు, ఎంతో ఘనపరచును. కాని దాని ప్రకారము ఆయన అనేకులైన సృష్టికర్త కుమారులలో ఒకడు, ఒకానొక స్థానిక విశ్వమునకు అధిపతి. ఆయన మరణము మన పాపములకు ప్రాయశ్చిత్తము కాదు, సమాధిలో ఉంచబడిన దేహము లేవలేదు. కొలస్సీ సంఘములో ప్రధానులు, అధికారుల మధ్య క్రీస్తును ఒకనిగా చూచు అపాయము తలెత్తగా పౌలు ఏమి వ్రాసెనో (కొలస్సి 1:15-20, 2:8-15) జ్ఞాపకము చేసికొనుడి. పేరు అదే, వ్యక్తి వేరు.

1979లో కాన్సస్ బృందము సంచారము చేయుచుండగా, వారికి ముందు పాడుటకు 'ల రూ' అను లూసియానా బృందము వెంట వచ్చెను. అందులో గాయకుడైన జెఫ్ పొలార్డ్ క్రైస్తవుడు. బైబిలులోని యేసు నిజమా, యురాన్షియా యేసు నిజమా అని ఇద్దరును ప్రయాణములలో వాదించుకొనిరి. తన గ్రంథము చెప్పునది నిలువదని లివ్‌గ్రెన్ గ్రహించెను. ఆ జూలై నెలలో ఇండియానాపొలిస్ హోటలు గదిలో క్రీస్తును అంగీకరించెను. అకుల, ప్రిస్కిల్ల అపొల్లోకు మార్గమును మరి పూర్తిగా వివరించిన సంగతి (అపొ.కా. 18:26) గుర్తుకు వచ్చును. అపొల్లో ముందే లేఖనములయందు ప్రవీణుడు గనుక పోలిక పూర్తిగా కుదరదు గాని, వేదిక దిగిన తరువాత జరిగిన బోధ అనుటలో రెండును ఒకటే.

మన ప్రాంతములో "యేసును నమ్ముచున్నాను" అనువారికి కొదువ లేదు. గురువులలో ఒకనిగా, అవతారములలో ఒకనిగా, స్వస్థపరచు శక్తిగా నమ్మువారు మన ప్రార్థన కూటములకే వచ్చుచున్నారు. బాప్తిస్మపు తరగతిలో "ఏ యేసు?" అని అడుగు సేవకులు ఎందరు? చేతులు ఎత్తించి లెక్క పెట్టుకొనుట సులభము. పొలార్డ్ చేసినది కష్టము.

తరువాతి సంగతులు క్లుప్తముగా చెప్పెదము. 1980లో లివ్‌గ్రెన్ తన విశ్వాసమును తెలుపు సొంత ఆల్బము వెలువరించెను. పాటలలోని క్రైస్తవ భావములు బృందములో ఇబ్బంది కలిగించగా గాయకుడు స్టీవ్ వాల్ష్ 1981లో తొలగెను. లివ్‌గ్రెన్, అప్పటికే విశ్వాసి అయిన బాస్ గిటారు వాద్యకారుడు డేవ్ హోప్, 1983లో బయటికి వచ్చిరి. ఆ సంవత్సరమే వేదాంత పండితుడైన కెన్నెత్ బోవాతో కలిసి లివ్‌గ్రెన్ తన జీవితకథను ప్రచురించెను. క్రొత్తగా చేరిన కళాకారునికి మరుసటి ఆదివారమే మైకు అందించు మన అలవాటు (1 తిమోతి 3:6 చదువుడి) కంటె, ఒక పండితుని ప్రక్కన కూర్చుండబెట్టుట మేలు.

ముగ్గురికీ పిలుపు ఒక్కటి కాలేదు. హోప్ ఆంగ్లికన్ గురువుగా అభిషిక్తుడై ఫ్లోరిడాలోని డెస్టిన్‌లో సేవ చేసెను. పొలార్డ్ అదే రాష్ట్రములోని పెన్సకోలాలో బాప్టిస్టు కాపరి ఆయెను. లివ్‌గ్రెన్ సంగీతము విడువలేదు. 2009 సెప్టెంబరులో ఆయనకు తీవ్రమైన పక్షవాతము వచ్చెను. దాని నుండి కోలుకొని, లాజరు పునరుత్థానముపై యోహాను 11వ అధ్యాయము ఆధారముగా తాను ఎన్నో సంవత్సరములుగా కూర్చుచున్న సంగీత కృతిని కొనసాగించెను.