గ్రామసభలో ఆరిపోవు కంప్యూటరు తెర

గ్రామసభ జరుగు దినమున జమాఖర్చులను, చేపట్టిన పనుల జాబితాను, లబ్ధిదారుల పేర్లను చదివి వినిపించుట చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. వానిని లాప్‌టాప్ నుండి ప్రొజెక్టరు ద్వారా గోడపై అందరికిని కనబడునట్లు చూపుట ఇటీవల కొన్నిచోట్ల వాడుకలోనికి వచ్చినది. చదువ నేర్చినవారు తమ పేరు తామే చూచుకొందురు. చదువరానివారు ప్రక్కవారిచే చదివించుకొందురు. అయితే ఒక పద్దుపై చర్చ సాగి, ఎవరును కంప్యూటరును తాకక ఐదు నిమిషములు గడచినచో గోడపైనున్న పట్టిక హఠాత్తుగా మాయమగును. ఏ పద్దును గూర్చి ప్రశ్న వచ్చినదో ఆ పద్దువద్దనే తెర చీకటియైనపుడు, దాచవలసినదేదో ఉన్నందుననే ఆర్పివేసిరని సభికులలో కొందరు తలచుట సహజము. యంత్రము చేసిన పనికి సర్పంచి, కార్యదర్శి సమాధానము చెప్పుకొనవలసి వచ్చును. అందుచేత ఈ చిన్న విషయమును పంచాయతీ సభ్యులు కొంత వివరముగా తెలిసికొనుట అవసరము.

మీ కార్యాలయపు లాప్‌టాప్ లినక్స్ పద్ధతిపై నడుచుచున్నదనుకొందము. 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశములో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థిగా నున్న లైనస్ టోర్వాల్డ్స్ దీనికి అంకురార్పణ చేసెను. దీనిని వాడుకొనుటకు అనుమతి రుసుము చెల్లింప నవసరము లేదు. ఉబుంటు, డెబియన్ మొదలగు అనేక రూపములలో ఇది లభించును. మన దేశమున సి-డాక్ సంస్థ రూపొందించిన బాస్ అనునదియు ఈ కుటుంబములోనిదే.

తెర ఆరిపోవుట యంత్రదోషము కాదు. అది కావలెనని చేసిన ఏర్పాటు. పూర్వము కంప్యూటరు తెరలు గాజుగొట్టముతో చేయబడి, లోపలి పూత వెలుగుట వలన బొమ్మ కనబడెడిది. ఒకే బొమ్మ గంటలకొలది నిలిచినచో ఆ పూత అరిగి, బొమ్మ నీడ శాశ్వతముగా అచ్చుపడెడిది. దానిని నివారించుటకే కదలు బొమ్మలను చూపు స్క్రీన్ సేవర్లు పుట్టినవి. నేటి లాప్‌టాప్ తెరలలో అధికభాగము వేరు విధమైనవి. వాని వెనుక దీపము వెలుగుచుండును, ముందరి పొర ఆ వెలుగును అడ్డగించుచు, విడుచుచు బొమ్మను చూపును. ఇట్టి తెరపై కదలు బొమ్మలను ఆడించుట వలన విద్యుత్తేమియు మిగులదు, దీపము వెలుగుచునే యుండును గదా! దీపమును ఆర్పినపుడే బ్యాటరీ మిగులును. లాప్‌టాప్‌లో విద్యుత్తును ఎక్కువగా త్రాగు భాగములలో ఈ దీపమొకటి. కాబట్టి ఎవరును వాడుట లేదని తోచినంతనే యంత్రము దానిని ఆర్పివేయును.

వాడుట లేదని యంత్రమునకు ఎట్లు తెలియును? మీట నొక్కినను, టచ్‌ప్యాడుపై వ్రేలు కదిపినను మనిషి యున్నాడని అది గ్రహించును. నూరుమంది సభికులు గోడవైపు చూచుచున్నను వారి చూపు దానికి లెక్కకు రాదు. చలనచిత్రమును చూపు సాధనములు, ఉపన్యాసపు పలకలను నిండుతెరపై చూపు లిబ్రె ఆఫీస్ వంటివి తాము పనిలో నున్నామని యంత్రమునకు ముందుగనే తెలుపుకొనును. అందుచే అవి నడుచునప్పుడు తెర ఆరదు. జమాఖర్చుల పట్టికను మామూలుగా తెరచి యుంచినచో అట్టి రక్షణ లేదు. సభలలో చిక్కు తరచుగా ఇచటనే వచ్చుచుండును.

ప్రొజెక్టరు తగిలించి యున్నపుడు నష్టము మరికొంత ఎక్కువ. లాప్‌టాప్ తెరతోపాటు ప్రొజెక్టరునకు పోవు బొమ్మయు నిలిచిపోవును. కొన్ని ప్రొజెక్టర్లు కొంతసేపు బొమ్మ రాకపోయినచో తమంతట తామే ఆరిపోవును; పాతరకపు బల్బు గలవి తిరిగి వెలుగుటకు వ్యవధి పట్టును. ఒక బాలుని కూర్చుండబెట్టి మాటిమాటికి వ్రేలు కదిపించుట కొందరి పద్ధతి. అది పనిచేయకపోదు గాని, ఆ బాలుని దృష్టి సభవైపు మరలినంతసేపే దాని బలము.

సరియైన విధానము సులభము. ఉబుంటులో సెట్టింగ్స్ అను భాగమును తెరచి, అందు పవర్ అను శీర్షికను నొక్కవలయును. స్క్రీన్ బ్లాంక్ అను వరుసకు ఎదురుగా సాధారణముగా ఐదు నిమిషములని యుండును. దానిని నెవర్, అనగా ఎన్నడును వలదు, అను దానికి మార్చవలయును. కొత్త కూర్పులలో ఇదే ఆటోమేటిక్ స్క్రీన్ బ్లాంక్ అను పేరుతో, ఆపివేయదగిన మీటగా కనబడును. లోపల యంత్రము ఈ గడువును సెకనులలో వ్రాసికొనును: ఐదు నిమిషములకు 300, ఎన్నడును వలదనుటకు 0. సున్న యనగా తక్షణమే ఆర్పుమని కొందరు పొరబడుదురు. అర్థము అందుకు విరుద్ధము.

అదే పుటలో ఆటోమేటిక్ సస్పెండ్ అను మరియొక ఏర్పాటు కలదు. ఇది తెరను మాత్రమే గాక యంత్రమునంతటిని నిద్రపుచ్చునది. మొదటిదానిని మార్చి దీనిని మరచినచో, కొంతసేపటికి సభ మధ్యలో యంత్రమే నిద్రించును. దీనికి రెండు విభాగములు: కరెంటు తగిలించి యున్నపుడు ఒకటి, బ్యాటరీపై నడుచునపుడు ఒకటి. సభ నడుమ కరెంటు పోవుట మన గ్రామములలో వింత కాదు గనుక రెండింటిని చూచుకొనవలయును. యూపీయస్‌పై ప్రొజెక్టరు వెలుగుచునే యుండి, లాప్‌టాప్ మాత్రము బ్యాటరీకి మారి నిద్రించినచో కారణము ఎవరికిని అంతుపట్టదు.

సెట్టింగ్స్‌ను కదపకయే పని జరుపుకొను మార్గములును కలవు. ఎక్స్ఎఫ్‌సీయీ అను రూపమున బ్యాటరీ గుర్తును నొక్కినచో ప్రెజెంటేషన్ మోడ్ అను మీట కనబడును. కేడీయీ రూపమునను బ్యాటరీ గుర్తువద్దనే నిద్రను, తాళమును ఆపివేయు మీట యున్నది. ఉబుంటు వాడువారు కెఫీన్ అను చిన్న అనుబంధమును చేర్చుకొనవచ్చును. కాఫీ గిన్నె బొమ్మను నొక్కిన తెర మేలుకొని యుండును, మరల నొక్కిన మామూలగును. మా అభిప్రాయమున తాత్కాలికమైన ఇట్టి మీటలే పంచాయతీలకు మేలైనవి. దానికి కారణమును సభ్యులు శ్రద్ధగా గమనింపగోరెదము.

ఉబుంటులో తెర తానుగా ఆరిన పిమ్మటనే తాళము పడును. సంకేతపదము అడుగు గడియారము తెర ఆరిన క్షణమునుండి నడుచును. తెర ఎన్నడును ఆరవలదని ఆజ్ఞాపించినచో, ఇక తాళము తానుగా ఎన్నడును పడదన్నమాట! సభలో ఇది బాధకము కాదు. కాని అదే లాప్‌టాప్ మరునాడు కార్యాలయపు బల్లపై నుండును. ఈ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీ నిధుల చెల్లింపులు సర్పంచి, కార్యదర్శుల డిజిటల్ సంతకములతో జరుగుచున్నవి. సంతకపు కీ యంత్రమునకు తగిలించి యుండగా కార్యదర్శి ఎవరో పిలిచిరని బయటకు వెళ్లినచో, తెరచిన తెర ముందర ఎవరైనను కూర్చుండవచ్చును. ఐదు నిమిషములకు ఆరెడి తెర ఇంతకాలము ఊరకయే కాపలా కాయుచుండెను. దానిని మనమే పంపివేసితిమి. కీకి వేరుగా సంకేతసంఖ్య యున్నది నిజమే గాని, ఆ సంఖ్యను చీటీపై వ్రాసి బల్లకే అంటించుకొనువారు లేకపోలేదు.

కుర్చీ విడుచునపుడు విండోస్ గుర్తు గల మీటను, ఎల్ అక్షరపు మీటను ఒకేసారి నొక్కినచో తెర ఏ గడువులో నున్నను తక్షణమే తాళము పడును. దీనిని కార్యదర్శితోపాటు కంప్యూటరు తాకు ప్రతివారును అలవరచుకొనవలయును. గ్రామసభ కొరకు మార్చిన గడువును మాత్రము, లాప్‌టాప్ కార్యాలయమునకు తిరిగి చేరిన వెంటనే, సంతకపు కీని తగిలించుటకు ముందుగనే మరల ఐదు నిమిషములకు మార్చి, ఆటోమేటిక్ సస్పెండ్ రెండు విభాగములను యథాప్రకారము నిలుపవలయును.