బొటనవ్రేలి వంకర - సూక్ష్మ శస్త్రచికిత్స

పండుగనాడు పాదములకు పసుపు పూసి పారాణి దిద్దుకొనుట మనము మరువము. కాని ఆ పాదముల యాకారమును పరికించువారు మాత్ర మరుదు. కొందరికి బొటనవ్రేలు రెండవ వ్రేలిమీదికి ఒరిగి, దాని మొదట ప్రక్కగా ఎముక పొడుచుకొని వచ్చియుండును. చెప్పు ఒరసినప్పుడెల్ల అది యెఱ్ఱబారి నొప్పి పెట్టును. ఈ బాధ పురుషులకంటె స్త్రీలకే యెక్కువ. కనుక దీనిని గూర్చియు, దీనికి నేడు చేయుచున్న సూక్ష్మ శస్త్రచికిత్సను గూర్చియు మేము కొంత ముచ్చటింపదలచితిమి.

ఇది క్రొత్తగా మొలచిన ఎముక యని పలువురు తలచుదురు. అది పొరపాటు. బొటనవ్రేలి వెనుకనుండు పాదపుటెముక ఒక ప్రక్కకును, వ్రేలు రెండవ ప్రక్కకును తొలగుటచే నడుమనున్న కీలు బయటికి పొడుచుకొని వచ్చును. తల్లినుండి కూతునకు సంక్రమించు పాదనిర్మాణ మిందుకొక కారణము. ముందుభాగము ఇరుకైన పాదరక్షలును, ఎత్తు మడమలును ఈ వంకరను ముదిరించును.

సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైగా నున్న అరకులోయలో కొండదొర, పోర్జ, గదబ మొదలగు జాతుల స్త్రీలకు పాదమే వాహనము. కట్టెలమోపుతో వాలు దిగుటయు, కాఫీతోటలలో పండ్లు కోయుటయు, చేతులు పెనవైచి ధింసా యాడుటయు ఆ పాదముల బలముననే. చెప్పులెఱుగని పాదమున వ్రేళ్లు విప్పారి యుండుట సహజము. హాంకాంగునందు జరిపి 1958లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో బూట్లు తొడుగువారిలో నూటికి 33 మందికి ఈ వంకర కనబడగా, వట్టికాళ్ల నడచువారిలో నూటికి ఇద్దరికైనను కనబడలేదు.

అంతమాత్రమున చెప్పులు విడువుడని మేము చెప్పము. వట్టికాళ్లకు ముండ్లును, రాళ్లును, నేలనుండి చర్మము దూరి లోనికి చేరు కొంకిపురుగును శత్రువులు. చెప్పు వలయును, అది పాదమునకు తగినదై యుండవలెను. బిడ్డను కాగితముపై నిలువబెట్టి పాదముచుట్టు గీత గీయుడు. ఆ గీతపై బూటు నుంచి చూడుడు. గీత బయటికి కనబడిన, ఆ బూటు బిడ్డకు తగదు. బడికి పోవు కొండబాలికల తల్లులును, పట్టణపు తల్లులును సమానముగా నేర్వదగిన పరీక్ష యిది.

వెడల్పయిన చెప్పులు వాడినను నొప్పి తగ్గక, నడక కుంటుపడినప్పుడే శస్త్రచికిత్సను తలపవలెను. పూర్వపు పద్ధతిలో పాదము ప్రక్కను పొడవుగా కోసి, కీలును తెఱచి సరిచేయుదురు. సూక్ష్మపద్ధతిలోనో, వరిగింజ వెడల్పుగల రంధ్రములు కొన్ని మాత్రమే చేయుదురు. వానిగుండ తిరుగుడుమరకు బిగించిన సన్నని పనిముట్టును చొప్పించి, ఎక్సురే తెరపై చూచుచు ఎముకను కోసి, దాని తలను సరియైన చోటికి జరిపి మరమేకులతో బిగింతురు. అవసరమైన, 1925లో ఏకిన్ అను వైద్యుడు వివరించిన రీతిని వ్రేలి యెముకను గూడ కొంచెము కోసి తిన్నగా చేయుదురు. పెక్కురు ఆనాడే యిల్లు చేరుదురు. మచ్చ చిన్నది, మొదటి దినముల నొప్పియు తక్కువ.

కాని యొక్క మాట గట్టిగా చెప్పవలసియున్నది. గాయము చిన్నదే గాని ఎముక తెగినమాట నిజము. అది యతుకుటకు సుమారు 6 వారములు పట్టును. అంతవఱకు గట్టి అడుగుగల ప్రత్యేకపు చెప్పుతో మితముగా నడువవలెను. వాపు కొన్ని నెలలు నిలువవచ్చును. కీలు బిగియుట, తిమ్మిరి, చీము పట్టుట, వంకర తిరిగి వచ్చుట యను చిక్కులును లేకపోలేదు. మధుమేహము అదుపులో లేనివారును, పాదమున రక్తప్రసారము చాలనివారును వైద్యునితో ముందుగానే చెప్పుకొనవలెను. అందముకొఱకు మాత్రమే ఈ కత్తికి పాద మొప్పగింపరాదు.

ఈ పనికి ప్రత్యేకశిక్షణయు పరికరములును వలయును గనుక ప్రతి యాసుపత్రిలోను ఇది జరుగదు. కొండవారు ఎముకల వైద్యుల సలహాకై విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రివంటి పెద్ద వైద్యాలయమును చేరవలెను. ఘాటుదారిన శతాధిక కిలోమీటర్ల ప్రయాణము. మరల పరీక్షకు పోవలెను. కావున కాఫీకోతలు ముగిసిన పిదప ఏర్పాటు చేసికొనుట మేలు.

ఇంతకును అసలైన ప్రశ్న యిది: ఆ 6 వారములు నీళ్లు తెచ్చువా రెవరు? పొయ్యి వెలిగించువా రెవరు? "చిన్న గాటే గదా" యని మూడవనాడే యిల్లాలిని బిందె యెత్తింపజూచు గృహమున వైద్యుని నేర్పు వ్యర్థము. భర్తయు, కుమారులును, తోడికోడండ్రును పని పంచుకొనుటకు ముందుగానే మాట యీయవలెను. ఇంటిల్లిపాదికై నడచిన పాదమునకు ఇంటిల్లిపాదియు కొన్నాళ్లు నడచిపెట్టుట ఉపకారము గాదు, ఋణము దీర్చుట.